చూడ్డానికొచ్చిన నక్క

ఎండలు ముదిరేసరికి కొండల మధ్య ఉన్న ఆ రిజర్వాయరులో నీళ్ళు బాగా వెనక్కి పోతాయి. నీళ్ళు తగ్గినచోట ఒక పక్క గులకరాళ్ళ మేట, ఇంకో పక్క జమ్ము గడ్డి, రెండింటికీ మధ్య పైకి ఎండినట్టు కనబడే బురద తేలతాయి. ఆ గులకరాళ్ళ మీదే తీతువు పైడమ్మ గుడ్లు పెట్టుకుంది. గూడంటూ ఏమీ లేదు. కాళ్ళతో రాళ్ళను కాస్త పక్కకు నెట్టి చేసుకున్న గుంట, అంతే. గుడ్లదీ రాళ్ళ రంగే. పక్కన నిలబడి చూసినా ఏది రాయో, ఏది గుడ్డో చెప్పలేం. అలా తెలియకపోవడమే పైడమ్మకు కొండంత అండ.

రెండో అండ ఆమె గొంతు. ఎక్కడ నీడ కదిలినా "టిటిట్టీ, టిటిట్టీ" అంటూ గాల్లోకి లేచి అరిచేది. ఆ అరుపు వింటే చేపల కాపలా గుడిసె దగ్గర కుక్కలు లేచేవి. కుక్కలు లేస్తే నక్క సింహాద్రి వచ్చిన దారినే కొండెక్కేవాడు. వయసు మీద పడి పరుగు తగ్గినవాడు, ఆ గొంతును తలుచుకుని పళ్ళు నూరుకునేవాడు.

ఇరుగుపొరుగుకీ ఆ గొంతంటే పెద్ద ఇష్టం లేదు. లకుముకి పిట్ట సూరిబాబు, సరిగ్గా తను నీళ్ళలోకి దూకే సమయానికే ఆమె అరుస్తుందని గొణిగేవాడు. గేదె నూకాలమ్మ వీపెక్కి కునుకు తీసే కొంగ పరదేశి అయితే, "మా వదిన గాలి వీచినా అరుస్తుంది, వీచకపోయినా అరుస్తుంది" అనేవాడు. పైడమ్మ మొగుడు అప్పన్న ఎవరితోనూ వాదించే రకం కాదు. తన వంతు వచ్చినప్పుడు గుడ్ల మీద కూర్చునేవాడు, ఆమె వంతు వస్తే లేచి పోయేవాడు.

అలాంటి రోజుల్లో టోపీ ఆవిడ వచ్చింది.

మెడలో కెమెరా, దానికి చేతంత పొడుగు గొట్టం. తుమ్మ చెట్టు చాటున ఆకుపచ్చ గుడ్డ ఒకటి కట్టుకుని, దాని వెనక చిన్న పీట వేసుకుని కూర్చుంది. పైడమ్మ లేచి అరిచింది. కుక్కలు మొరిగాయి. ఆవిడ కదల్లేదు. అరిచి అరిచి చివరికి పైడమ్మకే గొంతు పట్టేసింది.

ఆవిడ తరచూ రావడం మొదలుపెట్టింది. తెల్లవారగానే వచ్చి, ఎండ నెత్తికెక్కితే వెళ్ళిపోయేది. రాయి విసిరింది లేదు, వల పన్నింది లేదు. కూర్చునేది, చూసేది, ఉండుండి టిక్కుమని ఒక చప్పుడు.

"మన నుంచి ఏం తీసుకుపోతోందంటావు?" అని ఒకరోజు పరదేశి అడిగాడు.

"మన బొమ్మలట. కాపలావాడితో చెబుతుంటే విన్నాను" అన్నాడు సూరిబాబు. "మొన్న నేను చేపను పట్టి కొమ్మకేసి కొడుతుంటే ఆవిడ కెమెరా ఒళ్ళో పెట్టేసుకుని ఉత్త కళ్ళతో చూస్తూ ఉండిపోయింది. చేప నా గొంతులోకి దిగిపోయాక గుర్తొచ్చింది, బొమ్మ తీయలేదని. తనలో తనే నవ్వుకుంది."

"బొమ్మ పోయిందని ఏడవలేదా?"

"లేదు. ఫ్లాస్కు తీసి టీ తాగింది."

నూకాలమ్మ నీళ్ళలోంచి మూతి పైకెత్తింది. "మిట్టమధ్యాహ్నం నేను నీళ్ళలోకి దిగితే నాకు ఎలా ఉంటుందో, మిమ్మల్ని చూస్తే ఆవిడకు అలా ఉంటుంది కాబోలు. దానికింక వేరే కారణం ఎందుకు?"

పైడమ్మకూ లోపల ఎక్కడో బాగానే ఉంది. ఆ ఉదయమే ఆమె నీటి అంచున రెక్కలు విదిలించుకుంటూ స్నానం చేస్తుంటే గుడ్డ వెనక నుంచి టిక్కు టిక్కుమని వినబడింది. తనను చూసి ఒకరు భయపడకుండా, తిట్టుకోకుండా, ఊరికే సంతోషించడం ఆమె ఎరగదు.

ఇదంతా కొండ మీద పొదలోంచి సింహాద్రి చూస్తున్నాడు.

టోపీ ఆవిడ రాని ఒక పొద్దున అతను కిందికి దిగాడు. దాక్కోలేదు, పాకలేదు. అందరికీ కనబడేలా నడిచొచ్చి దూరంగా ఉన్న మొద్దు పక్కన ముందుకాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. పైడమ్మ అరిచింది. కుక్కలు వచ్చాయి. వెళ్ళాడు. మర్నాడు మళ్ళీ వచ్చాడు.

"కుక్కల్ని పిలవకు తల్లీ" అన్నాడు. "నేనూ ఆవిడలాగే చూడ్డానికి వచ్చినవాణ్ణే. ఇన్నేళ్ళూ మిమ్మల్ని కడుపుతో చూశాను. ఇప్పుడు పళ్ళు కదులుతున్నాయి, కడుపు చిన్నదయింది. కళ్ళు మిగిలాయి."

"కెమెరా లేదుగా నీకు" అన్నాడు సూరిబాబు.

"నాకెందుకు నాయనా. నీ వీపు మీది నీలం ఎండలో ఒకలా, నీడలో ఒకలా ఉంటుందని నిన్ననే గమనించాను. కళ్ళు మూసుకుంటే ఇప్పటికీ కనబడుతోంది. ఇంకేం కెమెరా కావాలి?"

సూరిబాబు తల తిప్పి తన వీపు తనే చూసుకున్నాడు. సింహాద్రి పరదేశి వైపు తిరిగి, మెడ మీదికి ఆ పసుపు ఈ మధ్యే వచ్చిందా, పెళ్ళికొడుకులా ఉన్నావు అన్నాడు. పరదేశి మెడ ఇంకాస్త సాగింది. చివరికి పైడమ్మ వంతు వచ్చింది.

"నీ కంటి ముందర ఆ ఎర్రని తోలుంది చూశావా, అప్పుడే కుంకుమ పెట్టుకుని వచ్చినట్టుంటుంది. అరుపు విని పారిపోవడమే గానీ, నిదానంగా నీ మొహం ఏనాడూ చూడలేదు."

ఆ మాట పైడమ్మకు తగలకపోలేదు. అరవబోయి ఆగింది. ఆగినందుకు తన మీద తనకే కోపం వచ్చింది.

ఆ సాయంత్రం పరదేశి, సూరిబాబు కలిసి ఆమె దగ్గరకు వచ్చారు.

"వదినా, పెద్దాయన మారాడు" అన్నాడు పరదేశి. "మారుతున్నవాడి మీదికి కుక్కల్ని ఉసిగొల్పడం బాగోదు."

"మారినవాడు కొండ మీద కూర్చుని మారకూడదా?"

"పిట్టల్ని చూడాలంటే పిట్టలున్నచోటికే రావాలిగా. నీ అరుపులకు ఆవిడ కూడా రావడం మానేస్తుంది. ఊరికే అరిచేదాని కోసం మేం గద్దను కనిపెట్టుకుని ఉండలేం. మాకు మాత్రం పనుల్లేవా?"

గద్ద మాట వచ్చేసరికి పైడమ్మ తగ్గింది. బయలు మీద గుడ్లు పెట్టుకున్నదానికి ఆకాశం వైపు చూసిపెట్టే నాలుగు కళ్ళు కావాలి. "సరే, అరవను" అంది.

అరవడం మానేశాక ఆమెకు అసలు కష్టం మొదలైంది. సింహాద్రి కూర్చున్నంతసేపూ గుడ్ల వైపు నేరుగా నడవడానికి లేదు. ఎటో మేస్తున్నట్టు చుట్టూ తిరిగి, పొట్ట ఈకలు నీళ్ళలో ముంచుకుని, అతను కళ్ళు మూసిన అదను చూసి వెళ్ళి గుడ్లను చల్లబరచాలి. ఆలస్యమైతే రాళ్ళ వేడికి గుడ్లు ఉడికిపోతాయి. అప్పన్న పక్కకు కూడా తిరగకుండా పొద్దున నుంచి సాయంత్రం దాకా గుడ్లను కరుచుకుని పడుకునేవాడు. పైగా ఇంకొకటి చూసిందామె. మొదట మొద్దు పక్కన కూర్చున్నవాడు ఇప్పుడు ఇంకాస్త ఇవతల ఉన్న తెల్లరాయి దగ్గర కూర్చుంటున్నాడు.

"జరిగావేం?" అని అడిగింది.

"నీడ జరిగింది. నేనూ జరిగాను."

తెల్లరాయికి నీడే లేదు. పరదేశితో చెబితే, "ముసలాయన కూర్చునే చోటు కూడా నువ్వే చెప్పాలా?" అన్నాడు.

టోపీ ఆవిడ మళ్ళీ వచ్చింది. ఆ రోజు వెలుతురు ఎదురుగా పడుతోందని కాబోలు, చెట్టు చాటు వదిలి కెమెరా పట్టుకుని గులకరాళ్ళ మీదుగా నడిచొస్తోంది. నేరుగా గుడ్ల వైపే. అప్పన్న లేచి పక్కకు పరిగెత్తాడు. పైడమ్మకు తనిచ్చిన మాట గుర్తుకు రాలేదు. లేచి నెత్తి మీద తిరుగుతూ గొంతు చించుకుని అరిచింది.

ఆవిడ ఆగిపోయింది. పైకి చూసింది, తర్వాత తన కాళ్ళ వైపు చూసుకుంది. మెల్లిగా, ఒక్కో అడుగూ చూసి వేసుకుంటూ, వచ్చిన అడుగుల్లోనే వెనక్కి నడిచింది. ఇంతకుముందు కూర్చున్నచోటి కన్నా ఇంకా దూరంగా పోయి పీట వేసుకుంది. తన మీదుగా అంత దగ్గరగా ఎగిరిన పిట్టను బొమ్మ కూడా తీయలేదు.

పైడమ్మ గుడ్ల మీద కూర్చుంది. గుండె కుదుటపడ్డాక అప్పన్నతో అంది, "ఆవిడా చూడ్డానికే వచ్చానంటుంది, వాడూ చూడ్డానికే వచ్చానంటాడు. నేను వద్దంటే ఆవిడ వెనక్కి పోయింది. వాణ్ణి కూడా మర్యాదగా ఒకసారి అడిగి చూస్తాను."

"అడిగితే?"

"వెనక్కి పోతే నాదే తప్పని అందరి ముందూ ఒప్పుకుంటాను."

మర్నాడు వెళ్ళి అడిగింది. "సింహాద్రి బావూ, గుడ్లతో ఉన్నదాన్ని. కాస్త ఆ మొద్దు దగ్గరికి జరిగి కూర్చుంటావా?"

"దానికేం తల్లీ, జరుగుతాను" అన్నాడు గానీ జరగలేదు. "కాకపోతే గుడ్లు ఎక్కడున్నాయో నాకు తెలియదు. తెలియక ఎటు అడుగేస్తే ఏమవుతుందో అని నాకూ భయంగానే ఉంది. ఫలానా చోటని నువ్వు చూపించావనుకో, ఆ పక్కకే రాను."

ఇక పైడమ్మకు అనుమానం లేదు.

"నిజమే, నాకు తట్టలేదు" అంది. "రేపు పొద్దున నేను ఎక్కడ కూర్చుంటానో చూసుకో."

రాళ్ళకూ జమ్ముకూ మధ్య బురద పైన ఎండి అట్టకట్టి ఉంది. దాని మీద తీతువు నడిస్తే అడుగు కూడా పడదు. నూకాలమ్మ నడిస్తే మోకాలి దాకా దిగుతుంది. మర్నాడు తెల్లవారగానే అప్పన్న అసలు గుడ్ల మీద రాయిలా ఒదిగి పడుకున్నాడు. పైడమ్మ ఆ అట్టకట్టిన బురద నడిమధ్యకు పోయి, ఈకలు పొంగించుకుని కూర్చుంది. ముక్కు కిందికి పెట్టి లేని గుడ్లను అటూ ఇటూ దొర్లించింది. లేచి పొట్ట తడుపుకుని వచ్చి మళ్ళీ కూర్చుంది. తుమ్మ చెట్టు చాటున టోపీ ఆవిడ అప్పటికే వచ్చి ఉంది. సూరిబాబు కొమ్మ మీద, పరదేశి నూకాలమ్మ వీపు మీద ఉన్నారు.

"బాగా కనబడుతోందా బావూ?" అని అడిగింది పైడమ్మ.

"కనబడుతోంది, కనబడుతోంది."

"అయితే నేను కాస్త పురుగూ పుట్రా ఏరుకొస్తాను" అని ఆమె నీటి వైపు వెళ్ళిపోయింది.

సింహాద్రి అటూ ఇటూ చూశాడు. కుక్కల అలికిడి లేదు. కదులుతున్నాయన్న పళ్ళు బయటపెట్టి, కడుపు చిన్నదయిందన్నవాడు రెండే దూకుల్లో బురద నడుమకు చేరాడు. అట్ట ఫెళ్ళుమని పగిలింది. ముందుకాళ్ళు దిగాయి, వాటిని లాక్కోబోతే వెనకకాళ్ళు దిగాయి. గింజుకున్నకొద్దీ దిగబడి చివరికి తల, వీపు మాత్రం పైన మిగిలాయి.

అప్పుడు పైడమ్మ అరిచింది. ఇన్నాళ్ళూ దిగమింగుకున్నదంతా కలిపి అరిచింది. కుక్కలు వచ్చి బురద అంచున నిలబడి మొరిగాయి గానీ లోపలికి దిగలేదు.

సింహాద్రి గడ్డం బురదకు తగలకుండా పైకెత్తుకుని, "దగ్గర్నుంచి ఒకసారి చూసిపోదామని వచ్చాను" అన్నాడు.

"దూకి చూస్తారా ఎవరైనా?" అన్నాడు పరదేశి. అతని గొంతులో మర్యాద లేదు.

పిట్టలన్నీ వచ్చి చుట్టూ వాలాయి. సూరిబాబు జమ్ము కొస మీద కూర్చుని అతన్ని పైనుంచి కింది దాకా తీరిగ్గా చూశాడు. "ఎండ పడితే నీ రంగు కూడా మారుతోంది మావా" అన్నాడు. దూరంగా చెట్టు చాటు నుంచి టిక్కు టిక్కుమని ఆగకుండా వినబడుతోంది. అంత చూపు తన మీద పడడం సింహాద్రికి అదే మొదటిసారి. కళ్ళు మూసుకున్నాడు.

ఆవిడే లేచి వెళ్ళి కాపలావాణ్ణి పిలిచి కుక్కల్ని తీసుకుపొమ్మంది. ఎండెక్కాక నూకాలమ్మ నీళ్ళకు పోతూ బురదలోకి దిగి, తోక అతని ముందు వేసింది.

"పట్టుకో. పన్ను దిగిందంటే తంతాను" అంది.

అతను జాగ్రత్తగా పట్టుకున్నాడు. ఒడ్డున పడ్డాక ఎవరి వైపూ చూడకుండా, బురద కారుతూ కొండ అవతలికి నడిచిపోయాడు. అటు పిట్టలు లేవు, ఎలుకలే.

పరదేశి పైడమ్మ దగ్గరకు వచ్చి కాసేపు అటూ ఇటూ తచ్చాడాడు. "ఇక నుంచి నీకు ఎప్పుడు అరవాలనిపిస్తే అప్పుడు అరువు వదినా" అన్నాడు.

"నువ్వు చెబితే గానీ అరవననుకున్నావా?" అంది పైడమ్మ. "ఆకాశం వైపు చూస్తూ ఉండు, చాలు."

గుడ్లు పగిలి పిల్లలు బయటికొచ్చాయి. ఒళ్ళు ఆరీ ఆరకముందే దూది ఉండల్లా రాళ్ళ మధ్య పరుగులు పెట్టాయి. టోపీ ఆవిడ చాలా దూరం నుంచి వాటిని చూస్తూ, కెమెరాను ఎత్తడం, దించడం, మళ్ళీ ఉత్త కళ్ళతో చూడడం, ఇలా ఎండ నెత్తికెక్కేదాకా కూర్చుంది. ఒకసారి కాళ్ళు తిమ్మిరెక్కి పీట కాస్త ముందుకు జరుపుకుంది. పైడమ్మ ఒక్క అరుపు అరిచింది. ఆవిడ పీటను వెనక్కి లాక్కుంది. పైడమ్మ తల తిప్పుకుని తన పని చూసుకుంది.

చూసి సంతోషించడానికి వచ్చినవాళ్ళు వద్దంటే వెనక్కి జరుగుతారు. వద్దన్నా ముందుకు జరిగేవాడు వచ్చింది చూడ్డానికి కాదు.