నూకాలు సర్దిన మూడు గదులు

అనగనగనగా ఒక ఊళ్ళో, రైలుగేటుకి అవతల, నూకాలు అని ఒకావిడ ఉండేది. ఆవిడ మొగుడు అప్పలకొండ. గోనెసంచుల మిల్లులో పని. వాళ్ళకి నీ అంత కూతురు, పేరు కనకం. ఊఁ కొట్టు మరి! నువ్వు కొట్టకపోతే కథ అక్కడే కూర్చుండిపోతుంది.

వాళ్ళకి సొంతిల్లు లేదు. నూకాలికి ఉన్నదల్లా ఒకే ఒక్క కోరిక. ఒక గది కళగా సర్దుకోవాలి, అందులోంచి ఎవరూ కదపకూడదు, కనకం ఆ గదిలోనే పెరిగి పెద్దదవ్వాలి. మేడలు అడిగిందా, మిద్దెలు అడిగిందా? ఒక్క గది, అంతే.

చేతిలో డబ్బుల్లేకుండా కళ ఎక్కణ్ణుంచి వస్తుంది అంటావా? ఆ ఊళ్ళో ఆదివారం సంత చివర పాత సామాన్లు కుప్పపోసి అమ్మేవారు. కాళ్ళు విరిగిన కుర్చీలు, మూతలు పోయిన జాడీలు, ఎవరెవరో వాడి పారేసినవీ. జనం ముక్కు మూసుకుని దాటిపోయేవారు. నూకాలు మాత్రం చీర కుచ్చిళ్ళు ఎగదోపి ఆ కుప్ప ముందు గొంతుకూర్చునేది.

మొదట వాళ్ళు వరహాలమ్మ పెరట్లో గదిలో దిగారు. అది అదివరకు పిడకలు దాచుకునే గది. గోడలు పెనం వెనకాలలా నల్లగా ఉండేవి. అయినా గుమ్మానికి పసుపు రాసి, పాలు పొంగించుకుని లోపలికి వెళ్ళారు.

అప్పుడు నూకాలు సున్నంలో కాస్త నీలిమందు కలిపి గోడలకి వేసింది. ఆ తర్వాత సంతకెళ్ళి ఒక టేకుచట్రం అద్దం తెచ్చింది. మూల రసం పోయి నల్లమచ్చ పడిందని కొట్టువాడు కారుచౌకగా ఇచ్చేశాడు. ఆ మచ్చ మీద కనకం చేత స్టిక్కరు బొట్లు పువ్వులా అతికించింది. ఆ తర్వాత పాడైన కుట్టుమిషను ఇనపకాళ్ళు తెచ్చి, పైన చెక్క వేసి బల్ల చేసింది. పగిలిన చేతిగాజుల ముక్కల్ని దీపం సెగకి వంచి, గొలుసులు చేసి, గుమ్మానికి తోరణం కట్టింది.

ఒకరోజు వరహాలమ్మ తొంగిచూసి నోరు వెళ్ళబెట్టింది. "ఒలమ్మా! ఇది మా పిడకల గదేనేటే!" అంది. పదిరోజులు తిరక్కుండా మళ్ళీ వచ్చి, "మా తమ్ముడు కాపరం పెడతన్నాడు, గది ఖాళీ చెయ్యే" అంది.

నూకాలు ఏడ్చింది. వరహాలమ్మ ఏమందో తెలుసా? "నీకేటే, నీ చెయ్యి పడితే పాకైనా మేడయిపోద్ది. ఇంకోకాడ సర్దుకుంటావు" అంది. మెచ్చుకుంటూ మెడపట్టి గెంటింది మహాతల్లి. నూకాలు అద్దం దింపబోతే చెయ్యి అడ్డం పెట్టింది. "మేకు కొట్టేవు కదా? గోడకి కొట్టింది గోడదే" అంది. అద్దం అక్కడే ఉండిపోయింది. కనకం వీధి మలుపు దాకా వెనక్కి చూస్తూనే నడిచింది.

ఆ తర్వాత సత్యారావు ఇంట్లో వీధివైపు గదికి వెళ్ళారు. సత్యారావు కోర్టులో గుమాస్తా, మాట తేనె. ఈసారి నూకాలు ఒక్క మేకు కూడా కొట్టలేదు. చూశావా, ఒకసారి కాలితే మజ్జిగ కూడా ఊదుకు తాగుతారు. పాత చీరల అంచులు కత్తిరించి, వరసగా కుట్టి, కిటికీకి తాడు మీద తెర వేసింది. మూతలేని ఊరగాయ జాడీలో మనీప్లాంటు పెట్టింది. కాలు విరిగిన పడక్కుర్చీ ఒకటి తెస్తే, అప్పలకొండ వెదురుముక్క కట్టి కాలు నిలబెట్టాడు. మిల్లులో పారేసిన జనపనార తాళ్ళతో దాని కూర్చునే చోటు అల్లాడు. ఆ కుర్చీలో మొదట కూర్చున్నది కనకమే.

అప్పుడు సత్యారావు కూతురికి పెళ్ళిచూపులొచ్చాయి. "నూకాలమ్మా, మా ముందుగది కన్నా మీ గదే చూడముచ్చటగా ఉంది. ఒక్కపూట ఇస్తావా?" అన్నాడు. ఆడపిల్ల శుభం కదా అని ఇచ్చింది పిచ్చిది. వీళ్ళు ముగ్గురూ ఆ పూటంతా అరుగు మీద కూర్చున్నారు. మగపెళ్ళివారు నూకాలి తెరలు చూసి, నూకాలి కుర్చీలో కూర్చుని, "మీ అమ్మాయికి ఎంత పనితనమండీ" అని తాంబూలాలు పుచ్చుకుని వెళ్ళారు.

ఇంకేముంది! "శుభం జరిగిన గది, పెళ్ళయ్యేదాకా మాకే ఉండాలి" అన్నాడు సత్యారావు. ఆ తర్వాత "అల్లుడు వస్తూ పోతూ ఉంటాడు" అన్నాడు. ఆఖరికి, "నీకేమమ్మా, నీ చెయ్యి పడితే పాకైనా మేడే" అన్నాడు. పడక్కుర్చీ కూడా ఇవ్వలేదు. అల్లుడికి నడుము నొప్పట. ఆ అల్లుడి నడుము సంగతి నాకు తెలీదు గానీ, ఈ సత్యారావుకి మాత్రం వెన్నెముకలో ఒక్క పూస కూడా తిన్నగా లేదు.

మూడోసారి సీతాయమ్మ అనే ముసలావిడ ఇంటికి వెళ్ళారు. పిల్లాజెల్లా లేని మనిషి. "నేనున్నన్నాళ్ళూ నిన్ను పొమ్మనను. మేకులు కొట్టుకుంటావో, గోడలే తిరగేసుకుంటావో నీ ఇష్టం" అంది. నూకాలు నమ్మలేదు. ఏడాది దాకా మూటలు విప్పలేదు. ఆ తర్వాత నమ్మింది.

నమ్మాక ఆ గదిని ఎంత ముద్దుగా చేసిందనుకున్నావు! దర్జీల దగ్గర పేలికలు ఏరి రంగురంగుల బొంత కుట్టింది. మసిబారిన రాగిబిందెని చింతపండుతో తోమి తోమి దీపంలా చేసింది. సంతలో గ్రామఫోను బాకా ఒకటి దొరికితే బల్బుకి గొడుగులా తగిలించింది. దాన్ని చూసి కనకం తన స్నేహితురాళ్ళందరినీ తెచ్చుకుని, "ఇదే మా ఇల్లు" అని చూపించింది. ఆ మాట ఆ పిల్ల నోట అదే మొదటిసారి.

సీతాయమ్మ కూడా రోజూ మధ్యాహ్నం వచ్చి ఆ బొంత మీద నడుం వాల్చేది. నూకాలు పులుసన్నం పెట్టేది, కాళ్ళు పట్టేది. అలా ఒకరోజు కునుకు తీసి లేచి, "నూకాలూ, నాకు ఈ గదిలోనే నిద్ర పడుతోందే. ఇక ఇక్కడే ఉంటాను. మీరు వెనక ఆవుల సావిట్లోకి మారండి. అద్దె కూడా ఇవ్వొద్దులే" అంది. "నీ చెయ్యి పడితే ఆ సావిడీ మేడవుతుంది" అని నవ్వింది కూడా. పాపం, ఆవిడ మంచిగానే అనుకుంది. మొదటి ఇద్దరి మీదా నాకు కోపం. ఈవిడని తిట్టడానికి నోరు రాదు, అదే ఇంకా కడుపుమంట.

నూకాలు ఈసారి ఏడవలేదు. బొంత సీతాయమ్మకి వదిలేసింది. మిగతావి గోనెసంచుల్లో వేసి మూతి కట్టేసింది. ఆవుల సావిట్లో ఆ సంచులు విప్పలేదు. ఆదివారం వస్తే సంతకి వెళ్ళడం కూడా మానేసింది.

అలా నాలుగేళ్ళు గడిచాక, ప్రభుత్వం వాళ్ళు ఊరి చివర కాలనీలో ఇళ్ళు కట్టించి ఇచ్చారు. వీళ్ళకీ ఒకటి వచ్చింది. రెండు గదులు, నూకాలి పేరునే పట్టా. పాలు పొంగాయి. అప్పలకొండ మురిసిపోయి, తనే సున్నం వేసి, సుత్తి, మేకులు తెచ్చి నూకాలి చేతిలో పెట్టాడు. "ఇది మన గోడేనే. నీ ఇష్టమొచ్చినకాడ కొట్టు" అన్నాడు.

నూకాలు సుత్తి పట్టుకుని గోడ దాకా వెళ్ళింది. ఆ తర్వాత సుత్తి కింద పెట్టి, పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది. "చూద్దాంలే, ఎన్నాళ్ళుంటామో" అంది.

ఒక ఏడు గడిచింది. రెండేళ్ళు గడిచాయి. మూడేళ్ళు గడిచాయి. చుట్టుపక్కల వాళ్ళు గోడలకి బొమ్మలు తగిలించుకున్నారు, కిటికీలకి తెరలు కట్టుకున్నారు. నూకాలి ఇంట్లో గోడలు సున్నం వేసిన రోజు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. గోనెసంచులు మూతి కట్టినట్టే గుమ్మం పక్కన ఉన్నాయి, ఎత్తుకోడానికి వీలుగా.

కనకం అప్పటికి పెద్దదైంది. ఇక ఊరుకోలేక, ఒకరోజు తల్లి భుజం పట్టుకుని అడిగింది.

"ఇది మన ఇల్లే కదమ్మా. పట్టా నీ పేరునే ఉంది కదా. ఇంకా మనల్ని ఎవరు పొమ్మంటారమ్మా?"

నూకాలు ఆ తెల్లటి గోడల వంక చూసింది.

"బాగుంటే ఎవరో ఒకరు అంటారే" అంది.

కన్నకూతురికి అలాంటి మాట చెప్పాల్సొచ్చింది చూడు ఆ తల్లికి! అంత మంచి చేతులు, బియ్యం ఏరడానికీ అంట్లు తోమడానికీ తప్ప మరి దేనికీ లేవలేదు. ఆ గదులవాళ్ళు ముగ్గురికీ ఈ సంగతి తెలియనే తెలియదు. నాకు మాత్రం ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఇంక కళ్ళు మూసుకో నా తల్లీ, దుప్పటి కప్పుతాను.

కథ కంచికి,
మేకులు సంచికి,
నిద్ర కంటికి,
మనం ఇంటికి.