గుండుకు అడుగులు చదవడం నేర్పిన చెంగి

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో, మనకున్నట్టే, ఒక బడి ఉండేది పిల్లలూ. అక్కడ పలకలు లేవు, బలపాలు లేవు. పరిచిన ఇసుకే పలక. దాని మీద పడ్డ అడుగులే అక్షరాలు. ఈ అడుగు ఎవరిది? ఎటు పోయింది? ఎప్పుడు పోయింది? అది చెప్పగలిగితే చదువు వచ్చినట్టే!

ఆ బడికి కణితి జింక మాస్టారు ఒక్కరే. ఆ ఏడు చిన్న తరగతిలో పిల్లలు కిటకిటలాడిపోయారు. అందరికీ ఒక్కరే చెప్పలేక ఆయన గొంతు బొంగురుపోయింది. ఒకరోజు పెద్ద తరగతి వాళ్లను పిలిచారు.

"ఎండలు ముదిరాయి. బడి దగ్గర చెలమ ఎండిపోతోంది. ఇక నీళ్లకు వాగు దాకా నడవాలి. అడుగులు చదవడం రాని పిల్లల్ని చిరుత తిరిగే ఆ దారిన పంపలేను. వాళ్లు బడి మానుకోవాల్సిందే. బడి వదిలాక మీలో ఎవరైనా కాసేపు ఉండి, వాళ్లకు నేర్పుతారా?"

అది ఇప్పపూలు రాలే కాలం. బడి వదలగానే పెద్దవాళ్లంతా పూల కోసం పరుగెత్తేవాళ్లు.

"నాకు కుదరదు మాస్టారూ, పూలన్నీ అయిపోతాయి," అంది కొండముచ్చు.

"నాకు మా అమ్మ పని చెప్పింది," అంది నెమలి, చూపు పక్కకు తిప్పుకుని.

దుప్పిపిల్ల చెంగికి కూడా ఇప్పపూలంటే ప్రాణం. తలుచుకుంటేనే నోరూరింది. కానీ మూలన నిలబడ్డ చిన్నపిల్లలు తన వంకే చూస్తున్నారు. వీళ్లు బడికి రాకపోతే ఎలా?

"నేనుంటాను మాస్టారూ!" అనేసింది.

మాస్టారు ముందుగా చెంగికి అప్పగించిన పిల్లవాడు ముళ్లపంది గుండు. వాడికి ఒక్క అడుగూ వచ్చేది కాదు.

మొదటిరోజు చెంగి గడగడా చెప్పేసింది. "నాలుగు వేళ్లుండి, ముందు గోళ్ల గుర్తులుంటే నక్క. గోళ్ల గుర్తులు లేకపోతే చిరుత. అది గోళ్లు లోపలికి దాచుకుని నడుస్తుంది. తెలిసిందా?"

గుండు ముడుచుకుని బంతిలా అయిపోయాడు.

రెండోరోజు తనే అన్నీ చదివి చూపించింది. గుండు సంబరంగా ఎగిరాడు. "అబ్బ! నీకెంత బాగా వచ్చక్కా!" అన్నాడు. తీరా వాణ్ణి చదవమంటే నేల చూపులు చూశాడు.

మూడోరోజు చెంగి వచ్చేసరికి గుండు ఇసుకలో బోర్లా పడుకుని ఉన్నాడు. ముక్కు నేలకు ఆనించి, ఒక అడుగును పంజాతో తడుముతున్నాడు.

"ఏం చేస్తున్నావురా?"

"నిలబడితే నాకు మసకగా కనిపిస్తుంది చెంగక్కా. అందరూ నవ్వుతారని చెప్పలేదు."

చెంగికి గుండె కలుక్కుమంది. ఈ రెండు రోజులూ తనకు కనబడేది వాడికీ కనబడుతుందనుకుంది! వెంటనే తనూ వాడి పక్కన ఇసుకలో పడుకుంది.

"సరే, అలాగే చదువు. నీ పంజాకు ఏం తగులుతోంది?"

"ఒకటి, రెండు, మూడు... నాలుగు వేళ్లు. ముందు సన్నగా గుచ్చినట్టుంది. గోళ్లు! అక్కా, గోళ్లు! ఇది నక్క!"

"నక్కే! చదివేశావు గుండూ!"

ఇద్దరూ లేచి గంతులే గంతులు! ఆ కేకలకు మిగతా పిల్లలు కూడా పరుగెత్తుకొచ్చారు. "నేను పడుకుని చదువుతా!" "నాకు చెప్పక్కా!" ఆ రోజు నుంచి చెంగి చుట్టూ ఎప్పుడూ సందడే.

చివరికి చెలమ ఎండిపోయింది. వాగుకు నడిచే రోజు వచ్చింది.

"చిన్నవాళ్లే ముందు నడవాలి. పెద్దవాళ్లు వెనకాల రావాలి, నోరు విప్పకూడదు," అన్నారు మాస్టారు.

అందరికంటే ముందు గుండు! మలుపు దగ్గర ఒక అడుగు కనబడింది. నాలుగు వేళ్లు, ముందు సన్నని గీతలు. చెంగి నిలబడే చూసింది. నక్కే, అనుకుంది. ఇంత తేలికైన దానికి వీడింకా పడుకున్నాడేమిటి? చెప్పేద్దామని నాలుక చివరిదాకా వచ్చింది. బలవంతాన ఆపుకుంది.

గుండు తడిమాడు. వాసన చూశాడు. మళ్లీ తడిమాడు. ఒక్కసారిగా వాడి ముళ్లు నిక్కబొడుచుకున్నాయి.

"ఆగండి! ఇవి గోళ్లు కావు! గోళ్లయితే లోతుగా దిగుతాయి. ఇవి గాలికి పుల్లలు దొర్లి పైపైన గీసిన గీతలు. ఇది చిరుత! అడుగు పడి పైకి లేచిన ఇసుక తడి ఇంకా ఆరలేదు. ఇప్పుడే వెళ్లింది!"

చెంగి వంగి చూసింది. నిజమే!

"వెనక్కి తిరగండి. రాళ్ల దారిన పైకి!" అన్నారు మాస్టారు.

చప్పుడు లేకుండా అందరూ గుట్ట ఎక్కారు. పైనుంచి చూస్తే కింద రేవు పక్కన, పొదల నీడలో చిరుత! తోక చివర మెల్లగా ఆడుతోంది. ఆ దారినే వెళ్లి ఉంటే?

గుట్ట దాటి దూరంగా, పైరేవులో అందరూ కడుపునిండా నీళ్లు తాగారు. అప్పుడు గుండు చెంగి దగ్గరకు వచ్చాడు.

"నీకు ముందే తెలుసు కదక్కా? నన్ను పరీక్షించడానికే ఊరుకున్నావు కదూ?"

చెంగి తల అడ్డంగా ఊపింది. "లేదురా. నేను నక్క అనుకున్నాను. నువ్వే చదివావు."

"నేనా? నేనే చదివానా?" గుండు నీళ్లలో దభీమని దూకాడు. చిన్నపిల్లలంతా వాడి వెనకే దూకారు. వాగంతా కేరింతలే!

ఒడ్డున కొండముచ్చూ నెమలీ ఒకరినొకరు చూసుకున్నారు.

"మాస్టారూ, రేపటి నుంచి మేమూ ఉంటాం. మాకూ ఎవరినైనా అప్పగించండి," అంది కొండముచ్చు.

మాస్టారు నోరు తెరిచేలోపే నలుగురు పిల్లలు నీళ్లోడుతూ వచ్చి దాని వీపెక్కేశారు.

నీతి: మనకు వచ్చిన చదువును చిన్నవాళ్లకు అందేలా, ఓపిగ్గా చెప్పాలి. అప్పుడు వాళ్లు ఎదుగుతారు, వాళ్లతో పాటు మనమూ ఎదుగుతాం.