బంటయ్య చదవని ఫిర్యాదు

అనగనగా ఏటి పక్కన ఒక అడవిలో బంటయ్య అనే ఎలుగుబంటి ఉండేవాడు. బడి ముఖం చూడలేదు. పకోడీలు కట్టిన కాగితాలు నాకుతూ నాకుతూ ఇంగ్లీషు నేర్చుకున్నాడు. "నా చదువుకు నూనె మరకలే సర్టిఫికెట్లు" అని తనే చెప్పుకునేవాడు. ఆ మాటే ఇంకెవరైనా అంటే మాత్రం మీద పడేవాడు.

ఆ అడవిలో సింహానికి ఫిర్యాదు ఇంగ్లీషులోనే పెట్టాలి. సింహానికి ఇంగ్లీషు రాదు. మంత్రి కొంగ చదివి చెప్పేది. ఫిర్యాదులు రాసిపెట్టేది బంటయ్యే. అందుకని ఒక ఆచారం పెట్టుకున్నారు. రాసినవాడు రాసింది చదివి అర్థం చెప్పాకే ఫిర్యాదు ఇచ్చినవాళ్లు పాదం ముద్ర వెయ్యాలి.

ఒకరోజు పొద్దున్నే నీటికుక్క మీనమ్మ మండిపడుతూ వచ్చింది. ఎండాకాలం గడవడానికి అందరూ కలిసి మడుగులో దాచుకున్న చేపలకు ఆమే కాపలా. ఆ చేపల్ని నక్క తింటుంటే కళ్లారా చూసింది.

బంటయ్య చిటికెలో రాసేశాడు. మీనమ్మ చదివి చెప్పమంది.

"నా ఇంగ్లీషు మీదే అనుమానమా? ముద్ర వెయ్యి" అన్నాడు.

పై కొమ్మన గూడు అల్లుకుంటున్న గిజిగాడు తొంగి చూసింది. "మామా, 'చేపలు తింటూ' అన్న ముక్కను తెచ్చి నీటికుక్క పక్కన పెట్టావు. తిన్నది ఈవిడే అని వస్తోంది. దాన్ని నక్క పక్కకు జరుపు."

బంటయ్యకు ఒళ్లు మండింది. గడ్డిపోచలు అల్లుకునేదానికి ఇంగ్లీషెందుకని కసిరాడు. మీనమ్మ ఇంకోసారి అడిగింది. గుర్రుమన్నాడు. ఇక చేసేదిలేక ఆమె ముద్ర వేసింది.

కొలువులో కొంగ ఉన్నదున్నట్టు చదివింది: చేపలు తింటూ, నీటికుక్క నక్కను చూసింది.

"కాపలాదారే తిన్నదట. ముద్ర కూడా వేసింది, పాపం" అంది నక్క మెత్తగా.

పొద్దు గూకేలోపు పిల్లలతో సహా మడుగు విడిచిపొమ్మని సింహం ఆజ్ఞాపించింది.

మీనమ్మ ముగ్గురు పిల్లల్నీ వెంటేసుకుని తిన్నగా బంటయ్య దగ్గరికొచ్చింది. అరవలేదు. "నీ ఇంగ్లీషు నువ్వు నిలబెట్టుకో బాబాయ్. నా పిల్లలు ఎక్కడ నిలబడాలో అది కూడా రాసి పెట్టు" అంది.

బంటయ్య ముందు కొంగను తిట్టాడు. తర్వాత గిజిగాడిని తిట్టాడు. ఆపైన తను రాసిన వాక్యం మనసులో చదువుకున్నాడు. తిట్టడానికి ఇక తనే మిగిలాడు. నోరు మూసుకుంటే పరువు దక్కుతుంది. కానీ పిల్లల కాళ్లు ఇంకా తడిగానే ఉన్నాయి.

లేచి కొలువుకు పరుగెత్తాడు.

"తప్పు నా రాతది, దొరా. ఆ ముక్క తీసి నక్క పక్కన పెట్టండి. నీటికుక్క చూసేటప్పటికి చేపలు తింటున్నది నక్క. గిజిగాడు పొద్దున్నే చెప్పింది, నేనే వినలేదు."

"ఆచారం ప్రకారం ఎందుకు చదవలేదు?" అని సింహం గర్జించింది.

"చదివితే తప్పులేవైనా బయటపడతాయని" అన్నాడు బంటయ్య.

అంతవరకూ కాగితాన్నే చూసిన సింహం అప్పుడు నక్క మొహం చూసింది. మీసానికి చేప పొలుసు అంటుకునే ఉంది. అడవి విడిచిపోవలసింది నక్కే అయింది.

నెల తర్వాత మీనమ్మ ఇంకో ఫిర్యాదుతో వచ్చింది. బంటయ్య రాశాడు. తనే గిజిగాడిని కిందికి పిలిచి చూడమన్నాడు.

"ఇప్పుడు చదువు" అంది మీనమ్మ, పాదం వెనక్కి పెట్టుకుని. ఈసారి బాబాయ్ అనలేదు.

నీతి: మాటను పెట్టాల్సిన చోట పెట్టాలి. తప్పు చోట పెడితే, ఎవరు చెప్పినా విని వెంటనే సరిదిద్దుకోవాలి.