తొండ కొట్టిన ఊ

ఒకప్పుడు, తొండకు మెడ వంగని రోజుల్లో, కృష్ణానది ఒడ్డున ఒక మట్టిదిబ్బ మీద ఒక తొండ ఉండేది. దాని ఆస్తి మొత్తం ఆరు గుడ్లు. వాటిని దిబ్బ పైన మెత్తటి మట్టిలో దాచుకుంది.

"ఆరు గుడ్లకి ఆరు పిల్లలు. అవి పెద్దవై తలా ఆరు గుడ్లు పెడితే ముప్పై ఆరు. అబ్బో, ఈ దిబ్బ చాలదు!" అని లెక్కలు వేసుకునేది.

ఆ దిబ్బ పక్కనే ధమ్మిలుడనే బౌద్ధభిక్షువు ఇటుకలు పేర్చి స్తూపం కడుతున్నాడు. రోజూ "బాగున్నావా తొండమ్మా?" అని పలకరించేవాడు. తొండ మెడ బిగించుకుని కూర్చునేది. తల ఊపితే లోకువైపోతానని దాని బెంగ.

ఒకరోజు ఉత్తరం నుంచి ఒక రాజు, దక్షిణం నుంచి ఇంకో రాజు సైన్యాలతో వచ్చిపడ్డారు. దిబ్బ మీద ఎవరి జెండా ఎగిరితే నది దాటే రేవు వాళ్ళదే. ఇద్దరూ కత్తులు దూశారు.

"ఆగండి నాయనా!" అన్నాడు ధమ్మిలుడు. "పొలిమేర తగాదాలో అక్కడ పుట్టినవాళ్ళ సాక్ష్యం అడగాలి కదా. ఇక్కడ పుట్టింది ఈ తొండ ఒక్కతే."

నిజమే. కానీ తొండతో మాట్లాడితే రాజుల పరువేం కావాలి? తమ పట్టపుటేనుగులను పంపారు.

"ఏమే తొండా, ఈ దిబ్బ మా రాజుగారిదే కదూ?" అంది ఉత్తరపు ఏనుగు.

"జాగ్రత్తగా చెప్పు. మా రాజుగారిది!" అంది దక్షిణపు ఏనుగు.

తొండ తన గుడ్లు దాచిన మట్టివైపు చూసుకుంది. ఎవరి పేరు చెప్పినా ఒక ఏనుగు దిబ్బ ఎక్కుతుంది. గుడ్లు పచ్చడైపోతాయి.

"ఇప్పుడెలా అయ్యా?" అని భిక్షువు చెవిలో గొణిగింది.

"అబద్ధం ఆడకు. ముందు ఇద్దరూ చెప్పేది విను. సాక్షి వింటున్నంతసేపూ ఎవరూ అడుగు వెయ్యకూడదని కట్టుబాటు."

"వింటున్నానని వాళ్ళకెలా తెలుస్తుంది?"

"కథ వినే పిల్లల్లా ఊ కొట్టు. వాళ్ళ చెవులు అంత ఎత్తున ఉన్నాయి. వినపడకపోయినా కనపడేలా తల కూడా ఊపు."

"తల ఊపడమా? నేనా?"

"మరి నీ ఆరు గుడ్ల మాటేమిటి?"

తొండ టక్కున తల ఊపింది. "ఊ!"

ఏనుగులకు ఉత్సాహం వచ్చింది.

"మా రాజుగారి తాత ఈ దిబ్బ మీద గుర్రం దిగాడు," అంది ఉత్తరపు ఏనుగు.

"ఊ."

"మా రాజుగారి ముత్తాత ఇక్కడ మామిడిపండు తిన్నాడు!"

"ఊ."

"మా రాజుగారి ముత్తాత తాత ఇక్కడ తుమ్మాడు! ఆ తుమ్ముకి శత్రువులు పారిపోయారు!"

"ఊ, ఊ."

ఊ కొట్టేవాళ్ళు దొరికితే రాజవంశాల గొప్పలకు అంతెక్కడ? రోజులు గడిచాయి. ఒకసారి తొండకు కునుకు పట్టి తల ఆగింది. వెంటనే ఉత్తరపు ఏనుగు కాలు ఎత్తింది. "ఊ ఊ ఊ!" అని తొండ గబగబా ఊపేసింది. ఏనుగు కాలు దించి, ఇంకో తాతను ఎత్తుకుంది.

చివరికి తొండ గొంతు ఎండిపోయింది. ఊ పోయింది. ఊపు మిగిలింది.

అప్పుడు కురిసింది వాన. నది పొంగి రాజుల గుడారాల్లోకి వచ్చింది. సైన్యాలు మూటాముల్లె సర్దుకున్నాయి.

"ఇంకా నలుగురు తాతలున్నారు. వచ్చే ఎండాకాలం చెబుతాంలే!" అని అరిచాయి ఏనుగులు.

బాబోయ్, వద్దని అడ్డంగా తల తిప్పబోయింది తొండ. మెడ పైకీ కిందికీ మాత్రమే కదిలింది!

"చూశావా, ఎంత ముచ్చటపడుతోందో!" అనుకుంటూ ఏనుగులు వెళ్ళిపోయాయి.

తడిమట్టి కదిలింది. ఒకటి, రెండు... ఆరు చిన్న తలలు బయటికొచ్చాయి. అమ్మను చూసి అవీ ఊపడం మొదలుపెట్టాయి.

"బాగున్నావా తొండమ్మా?" అన్నాడు ధమ్మిలుడు నవ్వుతూ.

మొదటిసారి తొండ ఆయనకు తల ఊపింది.

అప్పటినుంచే తొండ చప్పుడు చేయకుండా తల ఊపుతుంది. ముందు బాగా ఊపి, చుట్టుపక్కల ఏ ఏనుగూ కాలు ఎత్తలేదని చూసుకుని, అప్పుడే తన అడుగు వేస్తుంది.