బావి కథకు వరస

ఓబులేసు తన మొదటి సినిమా పూర్తిచేసి వదిన సుంకమ్మకు చూపించాడు. పూడిక తీయడానికి పాతబావిలో దిగి, చెడుగాలికి ఊపిరాడక చచ్చిపోయిన అన్న మద్దిలేటి కథే అది. ఆమె చివరిదాకా కదలకుండా చూసింది.

"అంతా బాగుంది గానీ, మీ అన్న ఎందుకు పోయినాడో నాకు తెలీలేదు అబ్బయ్యా" అని వెళ్లిపోయింది.

ఆ మాట మింగుడు పడక ఎడిటర్ పరంధామయ్య దగ్గరికొచ్చాడు. ఆరేళ్లు ఆయన చేతికింద పని నేర్చుకున్నవాడు. సినిమా చావుతో మొదలై వెనక్కి పెళ్లికి పోతుందనీ, అక్కణ్ణుంచి పోలీసు విచారణకు దూకుతుందనీ, ఆ ఒక్క రోజునే వదిన కళ్లతో, బావి యజమాని కళ్లతో, చివరికి చచ్చినవాడి కళ్లతో కూడా చూపించాననీ ఏకరువు పెట్టాడు. ఇంత పనితనం ఆవిడ బుర్రకెక్కకపోతే తానేం చేసేదన్నాడు. గర్వం కన్నా ఉక్రోషమే ఎక్కువ వినబడింది.

పరంధామయ్య సినిమా ఒకసారి చూశాడు. సీనుకో చీటీ రాసి, జరిగింది జరిగినట్టు నేలమీద పేర్చుకుంటూ పోయాడు. పెళ్లి, కరువు, యజమాని కబురు, అన్న నడుముకు తమ్ముడు తాడు కట్టడం. తర్వాత జానెడు చోటు ఖాళీగా వదిలి, మద్దిలేటి బావిలో దిగే చీటీ పెట్టాడు.

ఇంకో చీటీ చేతిలోనే మిగిలింది. మనిషిని దించేముందు బావిలోకి వెలిగించిన లాంతరు దించుతారనీ, అది ఆరిపోతే ఎవరూ దిగరనీ సినిమాలో వదిన చెప్పే సీను అది.

"ఆ రోజు లాంతరు దించాల్సింది ఎవరు?"

ఓబులేసు తల వంచుకున్నాడు.

"అందరి కళ్లూ పెట్టావు. పైన తాడు పట్టుకున్న తమ్ముడి కళ్లు పెట్టలేదు."

ఓబులేసుకు ఏడుపు రాలేదు, భయమేసింది.

"లాంతర్లో కిరసనాయిలు లేదు సార్. ఇంటికి పోయి తెచ్చేదానికి బద్ధకమేసింది. లాంతరు దించి చూసినాను, గాలి బాగుందని అబద్ధం చెప్పేసినాను. మా అన్న నా మాట నమ్మి దిగినాడు."

పరంధామయ్య ముఖం నల్లబడింది. ఒక తెల్లచీటీ, పెన్సిలు తెచ్చి శిష్యుడి ముందు పెట్టాడు.

"ఈ సీను రాసి, సినిమాలో తీసి, మొదట మీ వదినకు చూపించు. ఆ తర్వాత సీన్ల వరస నీ ఇష్టం."