బల్లి పలికిన సత్యం

అనగనగా ఒక తెల్లరాతి కొండ. కొండ కింద పలుగుపాడు అనే ఊరు. ఆ ఊరి చావిడి గోడకు ఆనుకునే గవరమ్మ ఇల్లు.

రత్నాకరుడనే వర్తకుడు వచ్చి, కొండరాళ్ళను పిండిచేసే మర పెట్టించాడు. ఆనాటి నుంచి ఊరి మీద తెల్లటి పొడి కురిసింది. గడపల మీద, గంజిలో, నిద్రపోయే పిల్లల కనురెప్పల మీద. కాకులు అరవడం మానేశాయి.

ఇదేమిటయ్యా అని జనం చావిట్లో అడిగారు. వర్తకుడు కండువా కొస ముక్కుకు అడ్డం పెట్టుకుని, "కొండదేవత విభూతి" అన్నాడు.

గోడ మీద బల్లి టిక్కుమంది.

బల్లి పలికితే ఆ మాట సత్యమని ఊరి నమ్మకం. "సత్యం, సత్యం" అంటూ అందరూ నేలను వేలితో తట్టారు. ఆ పొడే తీసి నుదుట పెట్టుకున్నారు. గవరమ్మ పెట్టుకుంది. కూతురు పైడికీ పెట్టింది.

ఏడాది తిరక్కముందే ఆమె పెనిమిటి రొమ్ము పట్టుకుని కూలబడ్డాడు. మర గడప తొక్కి చూసినవాడు కాదు, మేకలు కాసుకునేవాడు. పోయాడు. వర్తకుడు పరామర్శకు వచ్చి, కండువా తీయకుండానే, ఆయుష్షు అంతే అన్నాడు. బల్లి టిక్కుమంది. జనం మళ్ళీ సత్యమన్నారు.

తర్వాత పైడికి దగ్గు. మర తిరిగితే దగ్గేది, ఆగితే ఆగేది. ఊరంతా అదే తాళం. పిల్ల రొమ్ముకు చెవి ఆనిస్తే, లోపల ఎవరో రాయి నూరుతున్నట్టుండేది.

ఒక మధ్యాహ్నం పిల్లను ఒళ్ళో వేసుకుని, నీకు నయమవుతుందిలే తల్లీ అంది గవరమ్మ. బల్లి టిక్కుమంది. ఆమె ఆశగా వేలు చాచింది.

"తట్టకమ్మా," అంది బల్లి. సున్నపుబొమ్మలా తెల్లగా ఉంది. "నేను పలకలేదు. దగ్గాను. మొదటిరోజు నుంచీ దగ్గుతూనే ఉన్నాను."

వేలు గాలిలోనే ఆగిపోయింది.

మూడోనాడు ఊళ్ళు చూడవచ్చిన రాజు చావిట్లో కూర్చుని, ఈ తెల్లపొడి ఏమిటని అడిగాడు. వర్తకుడు కండువా బిగించి, ఇది విభూతి మహాప్రభూ అన్నాడు. బల్లి టిక్కుమంది. జనం నేల తట్టడానికి వంగారు. గవరమ్మ వంగలేదు. పిల్లను చంకనేసుకుని ముందుకొచ్చింది.

"విభూతైతే నుదుట కదా బాబూ పెట్టుకోవాలి. తమరు ముక్కు మూసుకున్నారేం?"

వర్తకుడు నవ్వబోయాడు.

"ఆ కండువా తీసి, నా పిల్ల పక్కన మూడు రోజులు కూర్చోండి. చాలు."

అతని చెయ్యి కండువా దాకా వెళ్ళింది. తీయలేకపోయింది.

బల్లి ఇంకోసారి టిక్కుమంది. ఈసారి అందరికీ దగ్గే వినబడింది. గోడ మీంచి జారి అది రాజు పాదాల దగ్గర పడింది. గులకరాయి పడ్డ చప్పుడైంది.

రాజు మర ఆపించాడు. కాకులు తిరిగొచ్చాయి. పైడి బతికింది. కానీ పరుగెత్తదు. ఆ రొమ్ముకు చెవి ఆనిస్తే, మర ఇంకా మెల్లగా తిరుగుతూనే ఉంటుంది.

పిల్లలూ, తాను పీల్చని గాలిని మంచిదని చెప్పేవాడి మాటకు సత్యమనకండి.