వాకిట్లో గీసిన తాళం

అనగా అనగా, మరీ పాతకాలం కాదు బుజ్జమ్మా, 2024 శ్రావణంలో, సరిగ్గా వరలక్ష్మీ వ్రతం నాడు, మంగళగిరి నేతవాళ్ళ వీధిలో భద్రావతికి అన్యాయం జరిగింది.

భద్రావతి పేరంటమంటే వీధి వీధంతా కదిలొచ్చేది. ఆ రోజూ శనగలు నానబెట్టి, తాంబూలాలు సర్దుకుని గుమ్మంలో నిలబడింది. ఒక్కరూ రాలేదు. మర్నాడు కుళాయి దగ్గర ఆడవాళ్ళు బిందెలు పక్కకి జరుపుకున్నారు. ఆ మర్నాటికి గిన్నెలో శనగలు మొలకలెత్తాయి.

అప్పుడు ఎదురింటి రాజ్యం కొంగు బిగించుకుని వచ్చింది.

"ఏం వదినా, నా కూతురి ఫీజు తిన్నావుగా, అరిగిందా?"

వ్రతానికి ముందురోజు భద్రావతి ఫోను నుంచి వీధందరికీ మెసేజి వెళ్ళిందట. వ్రతానికి ఉచితంగా చీర ఇస్తున్నారు, ఇది నొక్కండి, మీ ఫోనుకొచ్చిన నంబరు నాకు పంపండి అని. వదిన మాటే కదా అని రాజ్యం నొక్కింది, నంబరూ పంపింది. బ్యాంకులో కూతురి ఫీజుకని దాచిన డబ్బంతా ఊడ్చుకుపోయింది.

"నేను పంపలేదే. నా ఫోనుకి తాళముంది. ఆ గీత దేవుడిక్కూడా తెలియదు."

"ఏదీ, ఇలా ఇవ్వు."

తెర మీద తొమ్మిది చుక్కలు. రాజ్యం ఒకసారి వాకిలి వంక చూసి, వేలితో చుక్కలు కలిపింది. ఫోను తెరుచుకుంది.

భద్రావతి వాకిట్లో ముగ్గు వంక చూసింది. రోజూ పొద్దున్నే ముగ్గులో తిప్పే మెలికనే తను ఫోనుకీ తిప్పింది. తాళం తీసుకెళ్ళి వీధిలో పరిచింది.

"చివరింటి ఏకాంబరం ఫోన్ల కొట్లో దీన్ని ఛార్జింగుకి వదిలేస్తావు. వాడు రోజూ నీ ముగ్గు తొక్కుకుంటూనే పోతాడు" అంది రాజ్యం, గొంతు తగ్గించి.

నవ్వకు బుజ్జమ్మా. నీ ట్యాబు తాళం నీ పుట్టినరోజేగా?

ఆ తర్వాత ఇద్దరూ కలిసి సైబరు మోసాలు చెప్పుకునే నంబరు 1930కి ఫోన్ చేశారు, స్టేషనుకీ వెళ్ళారు. పోలీసులు అడిగేసరికి ఏకాంబరం ఒప్పుకున్నాడు. డబ్బు కొంత ఆగింది, కొంత పోయింది.

భద్రావతి పేరు పోకూడదు కదా మరి. రాజ్యం ఇంటింటికీ వెళ్ళి, ఎవరి ముగ్గుతో వాళ్ళ ఫోను తెరిచి చేతిలో పెట్టింది. "నాదీ ఇంతే. వదినని తిట్టిన నోళ్ళు ఇప్పుడు మూసుకోండి" అంది.

ఆ సాయంత్రం అరుగుల మీద ఒకరికొకరు వీపులు తిప్పుకుని తాళాలు మార్చుకున్నారు. ఫోను ఇంకొకరి కొట్లో వదల్లేదు. ఎవరి మెసేజి వచ్చినా, ముందు వాళ్ళకి ఫోన్ చేసి గొంతు విన్నాకే వేలు కదిపారు. ఫోనుకొచ్చిన నంబరు కన్నతల్లికీ చెప్పలేదు.

మళ్ళీ శుక్రవారం భద్రావతి శనగలు నానబెట్టింది. మొదట రాజ్యమే వచ్చింది.

"నీ మెసేజి చూశా వదినా. నమ్మలేదు. గొంతు విందామని వచ్చా."

భద్రావతి నవ్వబోయి ఏడ్చింది. ఏడుస్తూనే ఆమె పాదాలకు పసుపు రాసింది. ఆ పసుపు వేలితోనే గోడమీది క్యాలెండరులో ఆ రోజుకి బొట్టు పెట్టింది: 2024 ఆగస్టు 23.

ముగ్గేమో ముంగిట్లో, గుట్టేమో గుప్పిట్లో,
కథేమో కంచి వాకిట్లో, మనమేమో దుప్పట్లో.